కారు షెడ్డులో వడ్రంగం: ఎంత పెద్ద బల్బు పెట్టినా నా నీడే అడ్డం

రంపపుపొట్టు
రెండేళ్ల కిందట కారు అమ్మేశాక ఖాళీ అయిన షెడ్డులో వడ్రంగి సామాను పెట్టుకున్నాను. మాది రాజమహేంద్రవరం. షెడ్డు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. పైన సిమెంటు రేకులు, మసిబారి నల్లగా ఉన్నాయి. వెనక గోడకు ఒక పాత ట్యూబ్‌లైటు, నడుమ వేలాడే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు, అంతే. సెలవు రోజుల్లో షట్టరు ఎత్తుకుని ఎండ వెలుగులో హాయిగా పని చేస్తాను. మిగతా రోజుల్లో తీరిక దొరికేది రాత్రి ఎనిమిది తర్వాతే.

రాత్రి పెన్సిలు గీత కనిపించడం లేదు. టేకు మీద మరీ కష్టం. మూలమట్టం ఆనించి గీత గీస్తాను, రంపం అందుకుని వంగేసరికి నా తల నీడ నాకంటే ముందు వచ్చి ఆ గీత మీద కూర్చుంటుంది. పోయిన వారం విసుగొచ్చి 50 వాట్ల ఫ్లడ్‌లైటు కొని ట్యూబ్‌లైటు పక్కనే బిగించాను. ఇప్పుడు నీడ మరింత నల్లగా, అంచులు దిద్దినట్టు పడుతోంది. పొరపాటున అటు చూస్తే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. "ఎవరి పెళ్లి పందిరి?" అని అడిగింది మా ఆవిడ. మొన్న గీతకు రెండు మిల్లీమీటర్లు ఇవతల కోసి మంచి టేకు చెక్క పాడుచేసుకున్నాను. వంద వాట్లది కొనమంటారా?

సగంవెలుగు
కొనండి. నీడ ఈసారి పక్కింటి గోడ మీద పడుతుంది. వాళ్లకు తోలుబొమ్మలాట, మీకు పుణ్యం.

వైరుమాస్టారు
కొనకండి. ముందు ఒక మాట చెప్పండి. పని బల్ల ఎక్కడ ఉంది? మీరు ఎటు తిరిగి నిలబడతారు?

రంపపుపొట్టు
షట్టరు దగ్గర, షట్టరు వైపు ముఖం పెట్టి. పగలు వెలుగు అటునుంచే వస్తుంది కదా అని అలా వేసుకున్నాను.

వైరుమాస్టారు
దొరికింది. పగలు వెలుగు మీ ముందు నుంచి వస్తోంది, రాత్రి మీ వీపు మీద పడుతోంది. వీపుకు ఎన్ని వాట్లు పోసినా బల్లకు దక్కేది నీడే. ముప్పై ఏళ్లుగా ఇళ్లకు వైరింగు చేస్తున్నాను. నన్ను పిలిచిన వాళ్లలో సగం మంది "వెలుగు చాలడం లేదు" అంటారు. వెళ్లి చూస్తే వెలుగు ఉంటుంది, ఉండాల్సిన చోట ఉండదు.

ఖర్చు లేకుండా ఈ రాత్రే ఒక పరీక్ష చేయండి. ఫ్లడ్‌లైటు ఆర్పేయండి. నడుమ ఉన్న 9 వాట్ల బల్బును వైరుతో సహా లాక్కొచ్చి మీ ముందు వైపు, బల్ల అవతలి అంచుకు పైన, తలకంటే అడుగున్నర ఎత్తులో వేలాడదీయండి. బల్బు కంట్లో పడకుండా ఒక అట్టముక్క అడ్డం పెట్టండి. గీత కనిపించిందో లేదో వచ్చి చెప్పండి.

లెక్కలపంతులు
మాస్టారు చెప్పింది సరే గానీ, వెలుగు కూడా చాలదు. లెక్క చూడండి. 20 అడుగులు, 12 అడుగులు అంటే 240 చదరపు అడుగులు, అంటే సుమారు 22 చదరపు మీటర్లు. దీపం ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే అది ఒక లక్సు. పాతబడిన ట్యూబు 2000 ల్యూమెన్లు ఇస్తుందనుకుందాం. అందులో సగం నల్ల రేకులు, గోడలు మింగేస్తాయి. మిగిలిన 1000ని 22తో భాగిస్తే 45 లక్సు. మరమ్మతు పనికి, మామూలు యంత్రం పనికి 300 లక్సు దాకా ఉండాలి. గీత చూసి కోసే సన్నని పనికి 500, ఆపైన. మీరు చేస్తున్నది దాదాపు దీపం వెలుగులో వడ్రంగం.

300 కావాలంటే 22 × 300 = 6600. సగం వృథా కనక రెట్టింపు, 13,200 ల్యూమెన్లు. నాలుగడుగుల 20 వాట్ల ఎల్‌ఈడీ బాటెన్ (ట్యూబులా పొడుగాటి లైటు) ఒక్కొక్కటి 2000 ఇస్తుంది. ఏడు కొనండి.

సగంవెలుగు
పంతులుగారి క్లాసులో కూర్చున్నవాళ్లు చేతులెత్తండి. వెలుగు చాలక ఆయనకు కనిపించకపోవచ్చు.

వైరుమాస్టారు
ఏడు దండగ. షెడ్డంతా 300 లక్సు దేనికి? మూలన పెట్టిన చెక్కలకు చదువుకునే పని లేదు. పైన నాలుగు బాటెన్లతో మామూలు వెలుగు, బల్ల మీద మాత్రం విడిగా దగ్గరి దీపం. దగ్గరకు తెచ్చేకొద్దీ వెలుగు ఎంత పెరుగుతుందో పంతులుగారే చెప్పాలి.

లెక్కలపంతులు
చిన్న బల్బయితే దూరం సగానికి తగ్గితే వెలుగు నాలుగు రెట్లు. పొడుగాటి బాటెన్‌కు అంత రాదు, సుమారు రెండు రెట్లు. దగ్గరి దీపం వరకు ఒప్పుకుంటాను. నాలుగు బాటెన్లతో షెడ్డులో 180 లక్సు వస్తుంది. నడవడానికి, సామాను వెతుక్కోవడానికి చాలు. యంత్రం దగ్గర చాలదు.

రంపపుపొట్టు
పరీక్ష చేశాను. 50 వాట్లతో కనిపించని గీత 9 వాట్లతో కనిపించింది! నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఫ్లడ్‌లైటు దుకాణం వాడు వెనక్కి తీసుకోనన్నాడు.

పెంకుటిల్లు
మా తాతగారి ఇంట్లో వంటగది మీద పెంకుల మధ్య ఒక గాజు పెంకు ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పైసా ఖర్చు లేని దీపం. మీరూ ఒక సిమెంటు రేకు తీసి అక్కడ వెలుగు దూరే ఫైబరు రేకు వేయించండి. సెలవు రోజుల్లో షట్టరు ఎత్తే పని కూడా ఉండదు.

లేత్‌లక్ష్మణ
మా ఆటోనగర్ షెడ్డులో వేయించాం. వెలుగు బాగా వస్తుంది, దాంతోపాటు ఎండా వస్తుంది. మే నెలలో ఆ రేకు కింద ఎవరూ నిలబడలేదు. ఎండ ముక్క పదిన్నరకు లేతు (లోహాన్ని తిప్పి చెక్కే యంత్రం) మీద, పన్నెండుకు కొలిమి మీద, రెండుకు నా భోజనం గిన్నె మీద. చివరికి పైన సున్నం పూశాం.

పెంకుటిల్లు
ఉత్తరం వాలు వైపు వేయిస్తే నేరుగా ఎండ పడదు కదా.

లెక్కలపంతులు
మన దగ్గర అది పూర్తిగా నిజం కాదు. రాజమహేంద్రవరం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంటే ఎండలు మండే రోజుల్లోనే ఉత్తరం వాలు మీద ఎండ ఎక్కువగా పడుతుంది. మిగతా నెలల్లో ఏటవాలుగా పడుతుంది కనక కాస్త తగ్గుతుంది, వాలు తక్కువైన రేకు మీద పూర్తిగా మానదు. పాలలాంటి మసక రేకు వేయించుకుంటే ఎండ ముక్క పడకుండా వెలుగు పరుచుకుంటుంది.

వైరుమాస్టారు
రేకు మార్చేటప్పుడు జాగ్రత్త. పాత సిమెంటు రేకంటే ఆస్‌బెస్టాస్. దాన్ని కోసినా, బెజ్జం పెట్టినా, గీకినా లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇక బయటికి రాదు. బాటెన్లు కూడా రేకుకు బిగించకండి. దాని కింద ఇనుప పైపులో, దూలమో ఉంటుంది కదా, దానికి గొలుసు కట్టి ఒక అడుగు కిందికి వేలాడదీయండి. రేకు వేడి బాటెన్‌కు తగలదు. ఎల్‌ఈడీలో ముందు చచ్చేది లోపలి డ్రైవరు (కరెంటును ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే భాగం), దాన్ని చంపేది వేడి.

రంపపుపొట్టు
రేకు నల్లగా ఉంది కదా, గీకి తెల్ల రంగు వేద్దామనుకున్నాను. ఆపేస్తాను. తెల్ల థర్మకోల్ షీట్లు అంటిస్తే?

బుల్లెట్‌బావ
వద్దు వద్దు. మా వీధిలో ఒక వెల్డింగు కొట్టులో పైకప్పుకు థర్మకోల్ ఉండేది. ఒక నిప్పురవ్వ చాలింది. మనుషులు బయటపడ్డారు, కొట్టు మిగలలేదు. మీకు గ్రైండింగు రాయి కూడా ఉండే ఉంటుంది.

రంపపుపొట్టు
ఉంది. ఉలులు పదును పెట్టుకునేది. థర్మకోల్ ఆలోచన మానుకున్నాను.

పెంకుటిల్లు
రేకును వదిలేయండి, గోడలకు సున్నం కొట్టండి. మూడు గోడలూ తెల్లబడితే ఒక బాటెన్ ఉచితంగా వచ్చినట్టే. దీపావళికి ముందు ఇళ్లకు వెల్ల వేయించడంలో పండగ ఎంత ఉందో వెలుగు లెక్క అంత ఉంది.

లెక్కలపంతులు
నిజమే. కొత్త వెల్ల మీద పడిన వెలుగులో నూటికి 70 నుంచి 80 పాళ్లు తిరిగొస్తుంది. మసి గోడ నుంచి 10 వస్తే గొప్ప. లాభం అదొక్కటే కాదు. గోడల నుంచి తిరిగొచ్చే వెలుగు నలువైపుల నుంచి వస్తుంది కనక నీడ పలచబడుతుంది. ఆయనకు కావలసింది అదే.

లేత్‌లక్ష్మణ
నా మాట అందరూ వినండి, ఇది వేళ్లకు సంబంధించింది. పాత ట్యూబు, దానికి లావుపాటి రాగి చోక్ ఉంటే తిరిగే యంత్రం దగ్గర అదొక్కటే పెట్టుకోకండి. మన కరెంటు సెకనుకు 50 చుట్లు కనక ఆ ట్యూబు సెకనుకు 100 సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది. కంటికి తెలియదు. నా లేతు మీద ముక్కను పట్టే నాలుగు దవడల చక్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 25 చుట్లు, అంటే ఒక చుట్టుకు నాలుగు మెరుపులు. ప్రతి మెరుపుకూ దవడలు ఒకే చోట ఉన్నట్టు కనిపిస్తాయి. తిరుగుతున్న చక్ ఆగిపోయినట్టు ఉంటుంది. పని నేర్చుకుంటున్న కుర్రాడొకడు అలాగే చెయ్యి పెట్టబోయాడు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఆ చొక్కా గుండీలు రెండు ఇప్పటికీ దొరకలేదు.

సగంవెలుగు
ఈసారి జోకు వేయను.

డెట్రాయిట్‌వాసి
ఇక్కడ అమెరికాలో కరెంటు 60 చుట్లు కనక ఆ మెరుపులు 120. లెక్క మారుతుంది గానీ ప్రమాదం అదే. లక్ష్మణగారూ, ఎల్‌ఈడీ పెడితే ఈ బాధ పోయినట్టేనా?

లేత్‌లక్ష్మణ
పోతుందనుకుని చవకవి నాలుగు తెచ్చాను. అవీ వణుకుతున్నాయి. లోపల సరైన డ్రైవరు లేకపోతే ఎల్‌ఈడీ ట్యూబుకంటే అన్యాయం. ట్యూబు లోపలి పూత మెరుపుకూ మెరుపుకూ నడుమ కొంచెమైనా వెలుగు నిలుపుతుంది, చవక ఎల్‌ఈడీ పూర్తిగా ఆరి వెలుగుతుంది.

దుకాణంలోనే చూసుకోవచ్చు. లైటు కింద పెన్సిలు పట్టుకుని విసనకర్రలా వేగంగా ఊపండి. మసకగా ఒకే పొరలా కనిపిస్తే మంచి లైటు. పది పెన్సిళ్లు విడివిడిగా విప్పినట్టు కనిపిస్తే అది వణుకుతోంది. ఫోన్ కెమెరాలో చూసినా తెర మీద నల్ల పట్టీలు పాకుతాయి.

మగ్గంకమల
ఇప్పుడే మా ఇంట్లో లైట్లన్నిటి కిందా పెన్సిలు ఊపి వచ్చాను. హాల్లోది పది పెన్సిళ్లు. మా అత్తగారు నాకేమైనా అయిందేమోనని చూస్తున్నారు.

వైరుమాస్టారు
మూడు ఫేజుల కరెంటు ఉన్న చోట పక్కపక్క ట్యూబులను వేరువేరు ఫేజులకు కలిపేవాళ్లం. ఒకటి తగ్గినప్పుడు ఇంకొకటి వెలుగుతుంది కనక మెరుపు తెలియదు. పాత మిల్లులన్నిటిలో అదే పద్ధతి. ఇంటి షెడ్డుకు అంత అక్కర్లేదు, మంచి డ్రైవరున్న బాటెన్ చాలు. డబ్బా మీద బీఐఎస్ గుర్తు, సర్జ్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజి) ఎన్ని కిలోవోల్టుల దాకా తట్టుకుంటుందో చూడండి. మన దగ్గర ఉరుములతో వాన పడితే రెండున్నర కంటే నాలుగు కిలోవోల్టులది నయం.

మగ్గంకమల
నాది వడ్రంగం కాదు, కారు షెడ్డే. అందులో నాలుగు మగ్గాలు పెట్టి జాకెట్లకు జర్దోసీ పని చేయిస్తాను. ఇంతమంది ఇన్ని వాట్లు, లక్సులు చెప్పారు గానీ రంగు మాట ఒక్కరూ ఎత్తలేదు. తెల్లగా కొట్టే 6500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలి తెలుపు) లైటు కింద ముదురు ఎరుపు చీరకు దారం సరిగ్గా కలిసిందనుకుని పెళ్లికూతురి జాకెట్టు కుట్టించాం. బయటికి తీసుకెళ్లి ఎండలో చూస్తే చీర ఎరుపు, దారం వంకాయ రంగు. మూడు రోజుల పని విప్పాల్సి వచ్చింది.

అప్పటి నుంచి సీఆర్ఐ 90 దాటిన లైట్లే కొంటున్నాను. సీఆర్ఐ అంటే రంగులను ఉన్నవి ఉన్నట్టు ఎంతవరకు చూపిస్తుందో చెప్పే అంకె, 100 పూర్తి మార్కు. మామూలు దుకాణపు ఎల్‌ఈడీ 80 దగ్గర ఉంటుంది, ఎరుపు దగ్గరే మోసం చేస్తుంది. డబ్బా మీద అంకె రాయలేదంటే రాసుకునేంత మార్కులు రాలేదని నా లెక్క.

రంపపుపొట్టు
కమలగారూ, ఇది నాకూ తగిలింది, కారణం ఇప్పుడు తెలిసింది. షెడ్డులో టేకు బల్లకు రంగు కలిపి పాలిష్ పెడితే బూడిద పులిమినట్టు కనిపించింది. ఇంకో చేయి వేశాను, మరో చేయి వేశాను. ఇంట్లో పసుపుపచ్చ బల్బు కింద పెట్టేసరికి ఇటుక రంగు.

డెట్రాయిట్‌వాసి
4000 కెల్విన్‌వి తీసుకోండి. ఇంట్లో పసుపుపచ్చ వెలుగుకూ షెడ్డు తెల్లదనానికీ నడుమ ఉంటుంది. మన ఊళ్లలో అందరికీ 6500 అంటే ఎందుకంత ఇష్టమో అర్థం కాదు. ప్రతి హాలూ ఆసుపత్రిలా ఉంటుంది.

పెంకుటిల్లు
మీరు మంచులో ఉన్నారు కాబట్టి వెచ్చటి రంగు కావాలి. ఇక్కడ మే నెలలో పచ్చటి బల్బు చూస్తేనే చెమట పడుతుంది. తెల్ల లైటు చల్లగా ఉంటుంది, చూపుకైనా.

సగంవెలుగు
డెట్రాయిట్ వారికి వెచ్చన, రాజమండ్రి వారికి చల్లన. నడుమన 4000. ఐక్యరాజ్య సమితి లైటు.

బుల్లెట్‌బావ
తెల్ల లైటుకు ఇంకో గుణం ఉంది, పురుగులను పిలుస్తుంది. తొలకరి పడిన రాత్రి పాత బండి ట్యాంకుకు ఆఖరి పొర వార్నిష్ కొట్టి లైటు అలాగే ఉంచి భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి ట్యాంకు నిండా ఉసిళ్లు. రెక్కలతో సహా అంటుకుపోయాయి. కొత్త డిజైను అని అబద్ధమాడదామనుకున్నాను గానీ బండి మా మామగారిది.

రంపపుపొట్టు
ఉసిళ్ల రోజు షట్టరు దించి, పసుపుపచ్చ బల్బొక్కటే ఉంచుకోవడం నయమేమో.

బుల్లెట్‌బావ
తగ్గుతాయి, పూర్తిగా మానవు. నేను వాకిట్లో ఒక తెల్ల లైటు ఎరగా పెడతాను, షెడ్డులో పచ్చది. ఒకటి మాత్రం చెప్పాలి. తిన్నరు కలిపిన రంగు స్ప్రే చేసేటప్పుడు షట్టరు పూర్తిగా దించకండి. ఆ ఆవిరి నిండిన గదిలో స్విచ్ వేస్తే వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. లైట్లు ముందే వేసుకుని, తలుపులు తీసి, ఆవిరి పోయాకే స్విచ్ ముట్టుకోవాలి. నేనైతే స్ప్రే పని పగలు వాకిట్లోనే చేసుకుంటున్నాను.

డెట్రాయిట్‌వాసి
ఇక్కడి గ్యారేజీ కష్టాలు కూడా వినండి. తలుపు పైకెత్తితే అది వెళ్లి సీలింగు కింద పడుకుంటుంది. నేను తెలివిగా సీలింగు మధ్యలో బిగించిన లైట్లు రెండూ తలుపు వెనక దాక్కున్నాయి. పాత ట్యూబులుండగా జనవరి చలికి వెలిగేవే కావు, వెలిగినా పొగమంచులో దీపంలా ఉండేవి. ఎల్‌ఈడీకి మారాక ఆ బాధ పోయి ఇంకోటి వచ్చింది. చవక బల్బు వేశాక తలుపు రిమోటు దూరం నుంచి పనిచేయడం మానేసింది. ఆ బల్బు డ్రైవరు వెదజల్లే రేడియో రొద రిమోటు సంకేతాన్ని మింగేస్తోందట. లైటు ఆర్పితే తలుపు తెరుచుకుంటుంది, వెలిగిస్తే మొరాయిస్తుంది.

సగంవెలుగు
చీకటి పడితేనే తెరుచుకునే తలుపు. అలీబాబా చూస్తే ముచ్చటపడేవాడు.

చీకటిరంపం
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు. ఈ ఒక్కటి రాయాలి. నా షెడ్డులో లైట్లు, ప్లగ్గులు అన్నీ ఒకే ఎం.సి.బి. (లోడు ఎక్కువైతే కరెంటు దానంతట అదే తెంచే స్విచ్) మీద ఉండేవి. కట్టర్‌తో దళసరి చెక్క కోస్తుంటే బ్లేడు బిగుసుకుని నెమ్మదించింది, మోటారు లోడు ఎక్కువై ఎం.సి.బి. పడిపోయింది, లైట్లూ పోయాయి. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. బ్లేడు చెక్క నుంచి విడిపోయి ఇంకా తిరుగుతూనే ఉంది, ఆ చప్పుడు వినిపిస్తోంది. ఎక్కడ ఉందో తెలియదు. కదలకుండా నిలబడ్డాను. అది ఆగడానికి పట్టింది ఆరేడు సెకన్లే. ఆ ఆరేడు సెకన్లు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

వైరుమాస్టారు
నేను మొదటే రాయాల్సింది, మరిచాను. లైట్లకు విడిగా 6 ఆంపియర్ల ఎం.సి.బి., యంత్రాల ప్లగ్గులకు విడిగా 16 ఆంపియర్లది. రెండింటికీ ముందు, కరెంటు లీకైతే తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ప్లగ్గులకు 2.5. బరువైన యంత్రం ఉంటే 4. బాటెన్ ఒళ్లు లోహమైతే ఎర్తు తప్పక కలపాలి. కరెంటు పోతే దానంతట అదే వెలిగే బ్యాటరీ బల్బు ఒకటి బల్ల దగ్గర పెట్టుకోండి. అది లేని రంపం షెడ్డుకు నేను వైరింగు చేయను.

లెక్కలపంతులు
రంపపుపొట్టుగారూ, అడగకూడదు గానీ, మీ వయసెంత?

రంపపుపొట్టు
56. దానికీ లైటుకూ సంబంధమేమిటి?

లెక్కలపంతులు
ఉంది. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పచ్చబడుతుంది. అరవై ఏళ్ల మనిషి కంటి తెర దాకా చేరే వెలుగు ఇరవై ఏళ్ల కుర్రాడితో పోలిస్తే మూడో వంతే. కుర్రాడికి 300 చాలిన చోట మీకు 500 చాలకపోవచ్చు. ఏడు బాటెన్లు అన్నది అందుకే.

సగంవెలుగు
పంతులుగారు ఏడు బాటెన్లను గెలిపించడానికి కంటి ఆసుపత్రి దాకా వెళ్లారు.

లేత్‌లక్ష్మణ
కళ్లద్దాలు కూడా ఒకసారి చూపించుకోండి. నేను లైట్లు మార్చి మార్చి, చివరికి అద్దాలు మారిస్తే సగం వెలుగు అక్కడే దొరికింది.

పెంకుటిల్లు
మా ఊరి వడ్రంగి ఒకాయన చిత్రిక పట్టాక దీపం పైన కాకుండా చెక్కకు పక్కన, చెక్క ఎత్తులో ఆనించి పెట్టేవాడు. వెలుగు చెక్క మీద పాకుతూ పోయేది. చిన్న గీత ఉన్నా దానికి నీడ పడి లేచి కనిపించేది. పైనుంచి వెలుగు పోస్తే ఆ లోపాలన్నీ మునిగిపోతాయి. పాలిష్‌కు ముందు టార్చితో ఇలా చూసుకోండి. ఇక్కడ నీడ మన మనిషి.

రంపపుపొట్టు
ఇది ఇప్పుడే చేసి వచ్చాను. నేను నున్నగా ఉందనుకుని గర్వపడిన బల్ల మీద అలలు, అలలు. గోదావరి వరదలా ఉంది. చూడకపోతే బాగుండేది.

రంపపుపొట్టు
మూడు వారాలైంది, ఏం చేశానో చెబుతాను. మూడు గోడలకూ తెల్ల సున్నం రెండు పూతలు. పైపులకు గొలుసులు కట్టి బాటెన్లు రెండు వరసలుగా ఐదు, అన్నీ 4000 కెల్విన్. మాస్టారు నాలుగన్నారు, పంతులుగారు ఏడన్నారు, ఎవరి మనసూ కష్టపెట్టకుండా ఐదు. మొదటి వరస సరిగ్గా బల్ల ముందు అంచు మీదుగా పోతుంది, నా తల దాని వెనకే ఉంటుంది. బల్లకు ఎడమ పక్క మడతచేతి దీపం ఒకటి, సీఆర్ఐ 90ది. నేను కుడిచేతి వాటం కనక ఎడమ నుంచి వెలుగు వస్తే చేతి నీడ గీత మీద పడదు. గ్రైండింగు రాయి దగ్గర ఇంకొకటి. పెన్సిలు ఊపి చూస్తే దుకాణంలో చూపించిన మూడు రకాల్లో రెండు వణికాయి. దుకాణదారు నన్ను చూసి మంత్రం వేస్తున్నాననుకున్నాడు.

ఎం.సి.బి.లు వేరు చేయించాను. బ్యాటరీ బల్బు పెట్టాను. ఫోనులో లక్సు కొలిచే యాప్ ఉంది. అంకెలు కచ్చితం కావని తెలుసు, పోల్చుకోవడానికి పనికొస్తాయి. ముందు బల్ల మీద 40, వంగితే 15. ఇప్పుడు మామూలుగా 230, దీపం వేస్తే 600. కొత్త టేకు చెక్క గీత మీదే తెగింది.

లెక్కలపంతులు
గోడలు తెల్లబడ్డాక ఐదు బాటెన్లకు 250 దాకా రావాలి. 230 వచ్చిందంటే నల్ల రేకు ఇంకా మింగుతోంది. నెలకోసారి ఆ బాటెన్ల మీది రంపపు పొట్టు తుడవకపోతే ఆ అంకె కూడా దిగుతుంది.

సగంవెలుగు
మరి ఆ 50 వాట్ల ఫ్లడ్‌లైటు?

రంపపుపొట్టు
వాకిట్లో. తొలకరికి ఉసిళ్లకు ఎర. బుల్లెట్‌బావ గారి సలహా.

ఇంకొక సంగతి. మొన్న మా ఆవిడ షెడ్డులోకి వచ్చి, బల్ల ముందు నిలబడి, చేతులు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇక్కడ చేతుల మీద నీడ పడదేమిటి?" అంది. మా వంటింట్లో ట్యూబ్‌లైటు గట్టుకు ఎదురు గోడ మీద, ఆవిడ వీపు వెనక ఉంది. పంతొమ్మిదేళ్లుగా ఆవిడ సొంత నీడలో కూరగాయలు తరుగుతోంది. బియ్యంలో రాళ్లు ఏరడానికి పళ్లెం పట్టుకుని వరండాలోకి ఎందుకు వెళ్తుందో నాకు ఇప్పుడు తెలిసింది.

మగ్గంకమల
ఒక టేకు ముక్క పాడైతే ఇంతమంది కదిలారు. పంతొమ్మిదేళ్ల బియ్యానికి ఒక్కరూ అడగలేదు.

రంపపుపొట్టు
అందుకే అడుగుతున్నాను. వంటగట్టు పైన చెక్క అల్మరాలు ఉన్నాయి, నేను చేసినవే. ఏం పెట్టమంటారు?

వైరుమాస్టారు
అల్మరా అడుగున, ముందు అంచుకు దగ్గరగా, రెండడుగుల సన్న బాటెన్. దాని ముందు అంగుళంన్నర చెక్కపట్టీ ఒకటి దించండి, దీపం కంట్లో పడదు. పొయ్యికి నేరుగా పైన పెట్టకండి, ఆవిరి, నూనె జిడ్డు పట్టి నెలలో పోతుంది. ఒక అడుగు పక్కకు జరపండి. తడి చేతులు తగిలే చోటు కనక స్విచ్ సింకుకు దూరంగా పెట్టండి. పట్టీ కోసేటప్పుడు గీత ఎలాగూ కనిపిస్తుంది మీకు.

రంపపుపొట్టు
ఆవిడ ఎడమచేతి వాటం. అంటే పొయ్యికి కుడి పక్కన పెట్టాలి కదా?

వైరుమాస్టారు
అవును. కుడి పక్కనే.